రేకుల షెడ్డు వెనక మొలిచిన ట్రే: కీటకాహార మొక్కల విత్తనాలతో నా లెక్క

వరంగల్ జిల్లా నర్సంపేట దారిలో మాకు మిర్చి నారు నర్సరీ ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఊపిరి సలపదు. 98 గుంతల ప్రోట్రేలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), షేడ్‌నెట్, తెల్లవారకముందే మోటరు. విత్తనం మొలిపించి అమ్ముకోవడమే పదిహేనేళ్ళుగా నాకు తిండి పెడుతోంది. అందుకే 2022లో బెంగళూరులోని ఒక పెంపకందారు నాలుగు రకాల కీటకాహార మొక్కల విత్తనాలు పోస్టులో పంపినప్పుడు, మిర్చిని మొలిపించేవాడికి ఇవొక లెక్కా అనుకున్నాను. ఆ పొగరు దిగడానికి రెండేళ్ళు పట్టింది. ఏ విత్తులో ఏం చేశాను, ఎన్ని మొలిచాయి, ఎక్కడ పొరబడ్డాను అన్నది నోట్‌బుక్ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఇలాంటి విత్తనం చేతికొచ్చి, మొలవక, పారేద్దామా అని చూస్తున్నవాళ్ళకు పనికొస్తుంది.

వచ్చిన నాలుగూ ఇవి. మొదటిది డ్రోసెరా బర్మానీ. డ్రోసెరాలంటే ఆకు వెంట్రుకల మీది జిగురుతో పురుగులను పట్టేవి. నేలకు అతుక్కుని రూపాయి బిళ్ళంత గుండ్రంగా పెరుగుతుంది. రెండోది డ్రోసెరా ఇండికా. సన్నటి దారాల్లాంటి ఆకులతో జానెడు ఎత్తు నిలబడుతుంది. ఈ రెండూ మన దేశంలో పుట్టేవే. మూడోది బైబ్లిస్ లినిఫ్లోరా, ఉత్తర ఆస్ట్రేలియా మొక్క. దీని ఆకుల మీద జిగురు చుక్కలు ఎండలో రంగురంగులుగా మెరుస్తాయి కాబట్టి అక్కడివాళ్ళు ఇంద్రధనుస్సు మొక్క అంటారు. నాలుగోది సర్రసీనియా, అమెరికా తూర్పు ప్రాంతపు చిత్తడి నేలల్లో గొట్టాల్లాంటి ఆకులతో ఈగలను పట్టేది.

విత్తన వ్యాపారం చేసేవాడిగా ఒక మాట. విదేశాల నుంచి కవర్లో విత్తనాలు తెప్పించుకోవడం సరదా కాదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి పర్మిట్టు, తెగుళ్ళు లేవని అవతలి దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఇవి రెండూ లేని పొట్లం ఎంత చిన్నదైనా నేను ముట్టను. నాకు వచ్చినవన్నీ దేశంలోనే పెంచిన మొక్కల నుంచి తీసినవి.

2022 జూన్‌లో మొదటి విత్తు. మిర్చికి ఏం చేస్తానో అదే చేశాను. కోకోపీట్ నింపి, వేలితో గుంత చేసి, విత్తనం వేసి, పైన చిటికెడు కోకోపీట్ చల్లి, బోరు నీళ్ళు కొట్టాను. పదో రోజు అలవాటు కొద్దీ 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండేది) కూడా పోశాను. డ్రోసెరా విత్తనం ఎంతుంటుందో చూసినవాడెవడూ దాని మీద మట్టి కప్పడు. తెల్ల కాగితం మీద పోస్తే కాటుక రాలినట్టుంటుంది, గట్టిగా తుమ్మితే పంట పోతుంది. వెలుతురు తగిలితేనే అది మొలుస్తుంది. నేనేమో సమాధి చేశాను.

ఐదు వారాలకు ట్రేలో పచ్చటి పాకుడు, గుంతల అంచుల్లో తెల్లటి ఉప్పు చార. మొలక ఒక్కటి లేదు. అప్పుడు నీళ్ళలో ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు తెచ్చి పెట్టాను. మా బోరు నీళ్ళు 870 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 870 పాళ్ళు. ట్రేలోని కోకోపీట్‌ను గుప్పిట్లో పిండి, కారిన నీళ్ళలో మీటరు ముంచితే 1900 దాటింది. కొబ్బరి పీచును ఉప్పునీళ్ళలో నానబెట్టే చోట్ల నుంచి వచ్చే కోకోపీట్‌లో సోడియం, పొటాష్ మిగిలే ఉంటాయి. మిర్చి నారు దాన్ని తట్టుకుంటుంది, పైగా మేం రెండుసార్లు కడిగే వాడతాం. ఈ మొక్కలకు అలా కుదరదు. ఇవి పుట్టేదే నేలలో ఏమీ లేని చోట. వాటి వేరు నిలబడటానికీ నీళ్ళు తాగటానికీ ఉంది. నత్రజని ఆకు మీద చచ్చిన దోమ నుంచి వస్తుంది. అలాంటి వేరుకు నేను 19:19:19 పోశాను. నీళ్ళలో కరిగినవన్నీ కలిపి 50 పీపీఎంకు మించకూడదని పెంచేవాళ్ళు అంటారు. నా ట్రేలో అంతకు నలభై రెట్లు.

నీళ్ళ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. వాన నీళ్ళను మించింది లేదు. చదరపు మీటరు రేకు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా షెడ్డు రేకులు 20 చదరపు మీటర్లు. అంటే 10 మిల్లీమీటర్ల చిన్న వానకే 200 లీటర్ల డ్రమ్ము నిండాలి. మొదటి పది నిమిషాల నీళ్ళు వదిలేస్తాను, రేకు మీద కోతులు, పావురాలు చేసే పనులు అన్నీ వాటిలో ఉంటాయి. తర్వాత పట్టిన నీళ్ళు 15 నుంచి 25 చూపిస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా డ్రమ్ములు ఖాళీ అయితే ఏసీ గొట్టం నీళ్ళు, అవీ చాలకపోతే ఇంట్లో ఆర్వో నీళ్ళు. ఇంకో చిక్కుంది. మంచి నీళ్ళే పోసినా ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. 20 పీపీఎం నీళ్ళు పోస్తూ వచ్చిన పళ్ళెంలో ఏప్రిల్ ఆఖరుకు మీటరు 140 చూపింది. నెలకోసారి పైనుంచి ధారాళంగా పోసి కిందికి కడిగేయాలి.

రెండో విత్తుకు మట్టి మార్చాను. సగం పీట్ మాస్ (చిత్తడి నేలల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉన్న నాచు), సగం వాగు ఇసుక. పీట్ మాస్ ఎండిందంటే నీళ్ళు తాగదు, పైన ముత్యాల్లా నిలబడతాయి. గోరువెచ్చటి నీళ్ళు పోసి చేత్తో పిసికితే గానీ తడవదు. ఇసుకకు ఒక పరీక్ష. చెంచాడు ఇసుక మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేయాలి. నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టు, పనికిరాదు. మనది గ్రానైట్ నేల కదా, మన ఇసుకలో సున్నమెక్కడిది అనుకున్నాను. మొదట తెచ్చిన బస్తా బుసబుసా పొంగింది. వాగు గట్టు మీది సున్నపు గుల్లలు కలిసినట్టున్నాయి. ఇంకో చోటి నుంచి తెచ్చి, కడిగిన నీళ్ళలో మీటరు పెరగడం ఆగేదాకా ఎనిమిదిసార్లు కడిగాను.

ఇక అసలు తప్పు. చదివిన ప్రతిచోటా ఒకే మాట: తడి మట్టిలో విత్తనం కలిపి, నాలుగు నుంచి ఆరు వారాలు ఫ్రిజ్‌లో పెట్టాలి, అప్పుడు చలికాలం గడిచిందనుకుని విత్తనం నిద్ర లేస్తుంది. 2022 డిసెంబరులో నాలుగు రకాలూ నాలుగు డబ్బాల్లో ఫ్రిజ్‌కెక్కాయి. పెరుగు గిన్నె పక్కన బురద డబ్బాలేంటని ఇంట్లో జరిగిన గొడవ నోట్‌బుక్‌లో రాయలేదు. 2023 జనవరి ఆఖరున బయటికి తీసి, పీట్ మీద పరిచి, పైన ఏమీ కప్పకుండా, పళ్ళెంలో వేలెడు లోతు వాన నీళ్ళు పెట్టి కింది నుంచి తడి ఎక్కేలా ఉంచాను.

సర్రసీనియా 60 గింజలకు 38 మొలిచాయి. బర్మానీ ఎన్ని గింజలు వేశానో లెక్కపెట్టలేదు, ఇరవై దాకా లేచాయి. ఇండికా సున్నా. బైబ్లిస్ సున్నా.

సర్రసీనియా సంగతి త్వరగా ముగిస్తాను. దానికి ఫ్రిజ్ సరైనదే, అది మంచు కురిసే చోట పుట్టిన మొక్క. కానీ మొలిపించడం ఒకటి, వరంగల్ మే నెల దాటించడం ఇంకొకటి. గాలిలో 44 డిగ్రీలున్న రోజు నల్ల ప్రోట్రే గుంతలో థర్మామీటరు గుచ్చితే 47. వేళ్ళు ఉడికిపోయాయి. 38లో రెండు బతికాయి, అవి కూడా తెల్ల థర్మోకోల్ పెట్టెలోకి మార్చినవి. పెద్ద మొక్క అవ్వడానికి నాలుగైదేళ్ళు పట్టే దానికోసం అంత తాపత్రయం నావల్ల కాలేదు. మళ్ళీ విత్తలేదు.

ఇండికా, బైబ్లిస్ ట్రేలను ఏప్రిల్ దాకా చూసి, విత్తనం చచ్చిందని తేల్చి, నీళ్ళు ఆపి రేకుల షెడ్డు వెనక పడేశాను. పీట్ ఖరీదైంది కాబట్టి దులిపి మళ్ళీ వాడుకుందామని ఉంచాను. లేకపోతే చెత్తకుప్పలోకే.

2023 జులై ఆఖరి వారం ఈ జిల్లాలవాళ్ళెవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో వరదకు జనం ఇళ్ళ కప్పులెక్కారు. మాకు నర్సరీలో మోకాలి లోతు నీళ్ళు. సగం నారు పోయింది. నీళ్ళు తీశాక విరిగిన ట్రేలు ఏరుతుంటే, షెడ్డు వెనక గోడ మీద రేకు చూరు కింద పెట్టిన పాత ట్రే కనిపించింది. దాంట్లో సన్నటి గడ్డి. పీకి పారేద్దామని వేలు పెట్టాను. వేలికి అతుక్కుంది.

మిర్చి తెగుళ్ళు చూసే భూతద్దం జేబులోనే ఉంటుంది. ఒంగి చూశాను. అరంగుళం పొడవు ఆకు, కొస మాత్రం ఇంకా విప్పుకోకుండా చుట్ట చుట్టుకుని ఉంది. ఆకు పొడవునా వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన ఎర్రటి తల, తల మీద చెమట బొట్టులాంటి జిగురు. ఒక బొట్టులో నుసిమంత ఈగ, రెక్క ఇంకా ఆడుతోంది. ఇండికా! లెక్కపెడితే 14. పక్క ట్రేలో బైబ్లిస్ రెండు. వరద మధ్య, నారు పోయిన రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, నేను గోడ దగ్గర గొంతుకూర్చుని గడ్డి లెక్కపెడుతున్నాను.

మూడు నెలలు కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తే మొలవనిది, పారేశాక ఎందుకు మొలిచింది? నోట్‌బుక్‌లో నాలుగు కారణాలు రాసుకున్నాను. విత్తనానికి వయసు చాలలేదేమో. ఫ్రిజ్ చలి తర్వాత వేడి కావాలేమో. ఎండి మళ్ళీ తడవాలేమో. లేకపోతే షెడ్డు పక్కన రెండు నెలలు కాలిన ఎండే పనిచేసిందేమో.

జవాబు సగం అక్టోబరులో దొరికింది. పాకాల వైపు మా పెద్దమ్మ వాళ్ళకు చెల్క ఉంది, చెరువు మత్తడి పారే కాలువ పక్కన. దసరాకు పోయినప్పుడు ఫోన్‌లో ఈ మొక్కల ఫొటో చూపించాను.

"గిది మన కాల్వ కాడ మస్తుగుంటది కదరా" అంది పెద్దమ్మ. "పొద్దుగాల పోతే మంచు వడ్డట్టు మెరుస్తది. చీమలు అంటుకపోయి చస్తయ్. బర్రెలు గూడ ముట్టయ్."

"ఎండకాలం ఉంటదా?"

"ఎండకాలం ఆడ గడ్డే ఉండదు. పెంక తీర్గ కాల్తది నేల. ఈ మొక్క వానలు వడ్డంకనే ఒస్తది."

మర్నాడు పొద్దున చూపించింది. మత్తడి నీళ్ళు జారే ఏటవాలు, ఎర్రటి దుబ్బ నేల, కాలు పెడితే చిత్తడి. అక్కడ పీట్ లేదు, మాస్ లేదు. ఇసుక, గులకరాళ్ళు, పైన పలచటి ఆకుపచ్చ నాచు. దాని మీద ఇండికా వందల్లో, కాళ్ళ కింద బర్మానీ ఎర్రటి బిళ్ళలు. ఎరువు వేసిన పొలం గట్టు ఎక్కడ మొదలైందో అక్కడికి ఈ మొక్క ఆగిపోయింది, గీత గీసినట్టు. మొక్కను పీకలేదు. పాకాల అభయారణ్యం హద్దు అక్కడికి దగ్గరే, లోపలైతే ఆకు కూడా తెంపకూడదు, బయటైనా పీకి తెచ్చిన మొక్క కుండీలో బతకదు. నాకు కావలసింది మొక్క కాదు, దాని ఏడాది లెక్క. గింజ రాలేది నవంబరు, డిసెంబరుల్లో. జనవరి నుంచి మే దాకా పెనం లాంటి నేలలో పొడిగా పడి ఉండాలి. జూన్ వానకు లేవాలి. మధ్యలో శివరాత్రి ముందు ఎప్పుడో ఒక జల్లు పడితే లేచిందనుకోండి, ఏప్రిల్‌లో మాడి చస్తుంది. అలా తొందరపడే గింజల సంతానం ఇన్ని వేల ఏళ్ళలో మిగిలి ఉండదు. ఎండ తగలనిదే లేవని గింజలదే ఈ కాలువ. అలాంటి గింజను నేను ఆరు వారాలు ఫ్రిజ్‌లో తడిపి పెట్టి, జనవరిలో లెమ్మన్నాను. ఉత్తర ఆస్ట్రేలియాది కూడా ఇదే తంతు, నెలలు మాత్రం తిరగేసి ఉంటాయి.

అనుకోవడం వేరు, లెక్క తేలడం వేరు. ఆ 14 ఇండికా, రెండు బైబ్లిస్ మొక్కలూ పూసి, తమంతట తామే గింజ కట్టాయి. 2023 డిసెంబరుకు చేతిలో నా సొంత విత్తనం, ఒకే లాట్, ఒకే వయసు. దాంతో 2024లో అసలు ప్రయోగం పెట్టాను. మార్చి 1న గింజల్ని నాలుగు వాటాలు చేశాను. ఇండికా వాటాకు 50, బైబ్లిస్ వాటాకు 30. తడిపిన అగ్గిపుల్ల కొసతో ఒక్కో గింజా లెక్కపెట్టాను. మొదటి వాటా బటర్ పేపరు పొట్లంలో ఇంట్లో బీరువాలో. రెండోది పొడిగానే ఫ్రిజ్‌లో. మూడోది స్టీలు డబ్బాలో రేకుల షెడ్డు కప్పు కింద. నాలుగోది బీరువాలోనే ఉంచి, విత్తే ముందురోజు జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెట్టాను.

ఈ జిబ్బరెల్లిక్ మొక్కల పెరుగుదల హార్మోను, ద్రాక్ష రైతులకు తెలిసిన మందే, గెల పెద్దదవ్వడానికి వాడతారు. అయితే షాపుల్లో దొరికే సీసా మందు పిచికారీకి పనికొచ్చేంత పలచన, 0.001 శాతం. దాంతో ఇక్కడ పని జరగదు, పొడి కావాలి. నేను 100 మిల్లీలీటర్ల వాన నీళ్ళకు గ్రాములో పదో వంతు కలిపాను. అంటే 1000 పీపీఎం. పొడి నేరుగా నీళ్ళలో కరగదు, ముందు కాస్త స్పిరిట్‌లో కరిగించి నీళ్ళలో పోయాలి. అందులో 24 గంటలు నానబెట్టాను.

షెడ్డు డబ్బాలో పెట్టిన గరిష్ఠ థర్మామీటరు మే నెలలో 54 దగ్గర ఆగింది. అది చూసిన రోజు విత్తనం వేగిపోయిందనే అనుకున్నాను. బీరువాలో 37 దాటలేదు. జూన్ 15న నాలుగు వాటాలూ ఒకేసారి, ఒకే మట్టిలో విత్తాను.

జులై 31 నాటికి ఇండికా 50 గింజలకు: బీరువా 6, ఫ్రిజ్ 1, షెడ్డు 29, జిబ్బరెల్లిక్ 33. బైబ్లిస్ 30 గింజలకు: బీరువా 2, ఫ్రిజ్ ఏమీ లేదు, షెడ్డు 8, జిబ్బరెల్లిక్ 19.

బీరువాలోనూ షెడ్డులోనూ ఉన్నవి ఒకే వయసు గింజలు, రెండూ పొడిగానే ఉన్నాయి. తేడా వేడి ఒక్కటే. వయసు చాలకపోవడం కాదని తేలింది. ఇండికాకు ఎండే మందు. బైబ్లిస్‌కు ఎండ కొంత పని చేసింది, పూర్తిగా కాదు.

ఇక్కడితో ఆగితే జిబ్బరెల్లిక్ గెలిచినట్టే. నారు అమ్ముకునేవాడికి మొలకశాతం సగం లెక్క మాత్రమే, ట్రే నుంచి పొలానికి ఎన్ని నిలబడి పోతాయన్నది మిగతా సగం. జిబ్బరెల్లిక్ మొలకలు నాలుగో రోజుకే లేచాయి గానీ, నీడలో పెరిగిన మిర్చి నారులా పాలిపోయి, సాగిపోయి, మెడ వంచాయి. నల్లటి చిన్న ఈగల పిల్లలు వాటి మొదళ్ళు కొరికాయి, మిగతావి నారుకుళ్ళుకు పోయాయి. పూతకు వచ్చేసరికి ఇండికాలో షెడ్డు గింజలవి 29కి 22 నిలిస్తే, జిబ్బరెల్లిక్‌వి 33కి 12. బైబ్లిస్‌లో షెడ్డువి 8కి 6, జిబ్బరెల్లిక్‌వి 19కి 8. 2025లో మందు మోతాదు 250 పీపీఎంకు తగ్గించి 50 ఇండికా గింజలు నానబెడితే 24 మొలిచాయి, సాగలేదు. కాబట్టి నేను చేసిన 1000 మోతాదు ఎక్కువే అనుకుంటున్నాను. అయినా షెడ్డు కప్పు ఊరికే దొరుకుతుంటే మందెందుకు అన్నది నా పక్షం, కనీసం ఇండికా వరకు.

ఈ ప్రయోగంలో లోపాలు నాకు తెలుసు. ఒక్క లాట్, ఒక్క ఏడాది. నాలుగు ట్రేలూ పక్కపక్కనే పెట్టాను. జూన్ 20 రాత్రి గాలివానకు కవరు లేచి ఒక మూల జల్లు కొట్టింది. ఈ గింజ నీళ్ళ మీద తేలుతుంది. బీరువా ట్రే అంచు గుంతలో మొలిచిన రెండు ఇండికాలు పక్క ట్రే నుంచి ఈదుకొచ్చినవి కావని ప్రమాణం చేయలేను.

బైబ్లిస్‌కు ఇంకో దారి ఉంది, పొగ. గడ్డి తగలబడే దేశంలో పుట్టిన విత్తనాలు చాలావాటికి పొగ వాసనే వాన కబురు. పొగలో ఉండి విత్తనాన్ని లేపే పదార్థాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2004లో పట్టుకున్నారు, ఆ జాతి పదార్థాలను ఇప్పుడు కర్రికిన్లు అంటున్నారు. 2025లో ఎండు బోదగడ్డి మట్టికుండలో కాల్చి, ఆ పొగను గొట్టంతో నీళ్ళలోకి పంపి, ఆ నీళ్ళలో షెడ్డు గింజల్ని ఒక రోజు నానబెట్టాను. 30కి 11. మామూలు షెడ్డు గింజల 8 కంటే కాస్త మేలు, కానీ మూడు గింజల తేడా మీద నేను ఏ మాటా ఇవ్వను. కళ్ళు మండింది మాత్రం నిజం.

మొలిచాక సంగతులు. నారుకు అలవాటైన 50 శాతం షేడ్‌నెట్ కింద పెట్టాను మొదట. ఆకులు ఆకుపచ్చగా, పొడుగ్గా పెరిగాయి, జిగురు మాత్రం పట్టలేదు. జిగురు లేని డ్రోసెరా అంటే కొడవలి లేని కూలీ, తిండి సంపాదించుకోలేదు. వాన తగలకుండా పైన తెల్ల ప్లాస్టిక్ షీటు, పక్కల నుంచి నేరుగా ఎండ పడేలా మార్చాక, వారం రోజుల్లో ఎర్రబడి జిగురు కారింది. జోరు వానలో పెడితే జిగురు కడుక్కుపోతుంది, గింజలు కొట్టుకుపోతాయి. ఎండ కావాలి, వాన పైన పడకూడదు, కింద నీళ్ళుండాలి.

పళ్ళెంలో నిలవ నీళ్ళంటే దోమలు. దోమలు తినే మొక్క కోసం దోమల్ని పెంచుతున్నావా అని ఇంట్లో అడిగారు, డెంగీ రోజులు మరి. ఆకు పట్టే దోమలకూ పళ్ళెంలో పుట్టే దోమలకూ పొంతన ఉండదు. నాలుగు రోజులకోసారి పళ్ళెం పూర్తిగా ఒంపేసి కొత్త నీళ్ళు పోస్తున్నాను. ఈ మొక్క ఇంట్లో దోమల్ని తగ్గిస్తుందని ఎవరైనా అమ్మితే కొనకండి.

పిల్ల మొక్కలకు తిండి పెట్టడం వల్ల వేగం చాలా మారింది. అక్వేరియం చేపల మేత నలిపి మెత్తటి పొడి చేసి, తడిపిన టూత్‌పిక్ కొసకు అంటినంత మాత్రం ఆకు మీద పెడతాను, పదిరోజులకోసారి. డార్విన్ తన డ్రోసెరా ఆకుల మీద వేపిన మాంసం, గుడ్డు తెల్లసొన, గాజు ముక్కలు పెట్టి చూశాడు. మాంసకృత్తులున్న వాటినే ఆకు గట్టిగా పట్టుకుంది. నా మట్టుకు చేపల మేత. ఎక్కువ పెడితే ఆకు మీదే బూజు పట్టి, ఆ బూజు మొక్కకు పాకుతుంది. బర్మానీకి పెట్టేటప్పుడు మాత్రం ఎవరైనా పక్కన ఉంటే పిలుస్తాను. ఆకు అంచుల్లో ఉండే పొడుగు వెంట్రుకలు క్షణాల్లో లోపలికి ముడుచుకుంటాయి, కంటితో చూడొచ్చు. ఇండికా ఆకు అంత హడావిడి పడదు, నిమిషాలూ గంటలూ తీసుకుంటుంది. బైబ్లిస్ కదిలినట్టు కంటికి కనిపించదు. జిగురు పట్టుకున్నదే పట్టు. మేత వాసనకు ఎర్రచీమలు వరుస కట్టినప్పుడు పెద్ద మొక్కలే చీమల్ని తిన్నాయి, చిన్నవాటి ఆకుల్ని చీమలు పీకేశాయి. అందుకే ఇప్పుడు పళ్ళెం కింద ఇంకో నీళ్ళ పళ్ళెం.

బర్మానీకి ఈ తతంగమేదీ అక్కర్లేదు. తాజా గింజను తడి పీట్ మీద రాలిస్తే రెండు మూడు వారాల్లో లేస్తుంది, ఏ కాలమైనా. మొదటిసారి పెంచేవాళ్ళకు నేను ఇచ్చేది అదే. బైబ్లిస్ గింజ మాత్రం బయటివాళ్ళకు ఇచ్చేటప్పుడు ఒక షరతు పెడతాను: పళ్ళెం నీళ్ళు కాలువలోకి ఒంపకూడదు, పాత మట్టి ఎండబెట్టి కాల్చాలి. మత్తడి కింద పెరిగే మన మొక్కల పక్కన ఆస్ట్రేలియా మొక్కను నేను నాటినవాణ్ణి కాకూడదు. నా దగ్గర పెంచిన ఇండికా గింజను కూడా పెద్దమ్మ చెల్కలో చల్లలేదు, అక్కడ ఉన్నవి చాలు.

ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది అడిగేది మేఘాలయ కుండమొక్క, నెపెంథిస్ ఖాసియానా. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ మొదటి అనుబంధంలో దాని పేరు ఉంది, అంటే అన్నిటికంటే గట్టి కట్టడి. గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర దానికోసమే ఒక రక్షిత స్థలం ఉంది. దారపు పోగులా ఉండే దాని గింజకు జీవం కొద్దికాలమే. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపలేని గింజ నా నర్సరీలోకి రాదు. వచ్చినా, చల్లటి కొండల మొక్కను మా మే నెలకు బలివ్వడం నాకిష్టం లేదు.

ఇప్పుడు నర్సరీలో ఒక కొత్త అలవాటు వచ్చింది. మొలవని ట్రేని ఒక ఎండాకాలం, ఒక జూన్ దాటకుండా దులపడం లేదు. షెడ్డు వెనక గోడ మీద ప్రస్తుతం 17 ఉన్నాయి, సుద్దతో తేదీలు రాసి. వాటిలో రెండు 2024 లాటువే, ఒక ఎండాకాలం చాలకపోతే రెండు చాలతాయేమో చూద్దామని ఉంచినవి. మొన్న ట్రేలు తక్కువ పడి, పనికి వచ్చే పిల్లగాడు వాటి మీద చెయ్యి వేశాడు.

"సార్, ఈటిల ఏం లేదు కదా, దులిపేద్దునా?"

"ఉండనీయ్. వానలు వడ్డంక చూద్దాం" అన్నాను. వాడు వెళ్ళి కొత్త ట్రేల కట్ట విప్పాడు.